తలకట్లు లేని కార్డు

మా పెద్దమ్మ చేతిరాతను నా చేతిరాతని చెప్పుకుని నేను హైదరాబాదులో ఉద్యోగం సంపాదించాను. ఈ మాట ఇంత సూటిగా రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఎవరైనా "మీకు ఈ రంగంలో అవకాశం ఎలా వచ్చిందండీ?" అని అడిగితే, ఇంటర్నెట్‌లో నా పనులు పెట్టాను, చూసి పిలిచారు అని చెప్పేదాన్ని. అందులో "నా" అన్న ఒక్క మాట తప్ప మిగతాదంతా నిజమే.

పెద్దమ్మ అంటే మా అమ్మకు సొంత అక్క. రాజోలు దగ్గర మా ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు టీచరు. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంటికి రెండిళ్ళ అవతల, చర్చికి ఎదురుగా ఉండేది. ఆవిడ కోప్పడగా నేనెప్పుడూ చూడలేదు. మా ఇద్దరికీ రావలసిన కోపం మొత్తం నాకే వచ్చిందని అమ్మ అనేది.

కొత్త సంవత్సరం మొదటి ఆరాధనలో ఇంటికొక వాగ్దాన కార్డు ఇవ్వడం మా చర్చిలో ఆనవాయితీ. పెద్ద స్టీలు పళ్ళెంలో కార్డులన్నీ బోర్లా పరిచి, పైన తెల్లగుడ్డ కప్పి వరసల మధ్య తిప్పేవారు. గుడ్డ కింద చెయ్యి పెట్టి ఏది తగిలితే అది తీసుకోవాలి. అందులో ఉన్న బైబిలు వాక్యమే ఆ ఇంటికి ఆ ఏడాదంతా వాగ్దానం. జనం దాన్ని గుమ్మం మీద అంటించుకునేవారు, పాతది తీసి బైబిల్లో పెట్టుకునేవారు. ఒక ఏడాది మా నాన్నకు సోమరితనం గురించిన వాక్యం వచ్చింది. పెద్దమ్మ కావాలనే ఆ కార్డు పళ్ళెంలో పెట్టిందని అలిగి ఆయన మధ్యాహ్నం దాకా అన్నం తినలేదు.

ఆ కార్డులన్నీ పెద్దమ్మే రాసేది. నవంబరు రాగానే పాస్టరుగారు వాళ్ళింటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, "టీచరుగారూ, ఈ ఏడు కూడా మీ చెయ్యి పడాలండీ" అని అడిగేవారు. "ఆయ్, దానికేమండీ" అనేది ఆవిడ. ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్నా ఏటా ఆయన అడగాల్సిందే, ఆవిడ అప్పుడే తెలిసినట్టు ఒప్పుకోవాల్సిందే. మర్నాటి నుంచి ఇల్లంతా అట్టముక్కలు, నల్లసిరా వాసన. వెదురుపుల్లను ఏటవాలుగా చెక్కి కలంలా చేసుకుంది. ఎప్పటిదో ఆ పుల్ల. మొనలో చిన్న చీలిక ఉండేది. "ళ" మెలిక తిరిగేచోట సిరా రెండుగా విడిపోయి, నడుమ వెంట్రుకంత తెల్లగీత మిగిలేది. కొత్తది చెక్కుకోవచ్చు కదా అంటే, "చేతికి అలవాటైపోయిందమ్మా, ఇంక మార్చలేను" అనేది.

ఆవిడ రాసే పద్ధతి ఇంకెక్కడా చూడలేదు నేను. వాక్యం మొత్తం తలకట్లు లేకుండా రాసేది. తలలేని అక్షరాలతో కార్డులన్నీ నవారు మంచం మీద వరసగా ఆరేవి. మర్నాడు పొద్దున్నే ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, రెండోసారి చదువుకుని, అప్పుడు తలకట్లన్నీ ఒక్క ఊపులో పెట్టేది. నా చిన్నప్పుడు ఇదేం చాదస్తమని అడిగాను.

"తలకట్టు పెట్టేక ఇంక దిద్దుకోడానికి లేదమ్మా. ఒక రోజు దాన్ని అలా వదిలేసి చూడాలి."

"మరి కింద నీ పేరు రాసుకోవేం?"

"వాక్యం నాదా ఏవిటే, సంతకం పెట్టడానికి?" అని నవ్వింది.

ఈ జవాబును నేను తర్వాత చాలా అన్యాయంగా వాడుకున్నాను.

డిగ్రీ అయ్యాక అమలాపురంలో గడియార స్తంభానికి కాస్త దూరంలో ఒక డీటీపీ సెంటర్లో చేరాను. పెళ్ళిపత్రికలు, ఓణీల ఫంక్షను కార్డులు, కాలేజీల ప్రశ్నపత్రాలు, కొబ్బరి వర్తకుల లెటర్‌హెడ్లు. మా కంప్యూటర్లో ఉన్నవి నాలుగే తెలుగు ఫాంట్లు. ఎవరి పెళ్ళయినా వాటిలోనే జరగాలి. వచ్చినవాళ్ళు "అమ్మాయిగారూ, మాకు కాస్త వేరేగా కావాలండీ" అనేవారు. ఫాంటు అదే ఉంచి రంగు మార్చేదాన్ని. వాళ్ళు సంతోషపడిపోయేవారు. నాకు ఒళ్ళు మండేది. నాలో ఏదో గొప్ప కళ ఉందనీ, అమలాపురం దాన్ని ఎదగనివ్వడం లేదనీ నా గట్టి నమ్మకం.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు హైదరాబాదు నుంచి మెయిల్ పంపింది. బొమ్మలు వేసేవాళ్ళు, ఫొటోలు తీసేవాళ్ళు, అక్షరాలు గీసేవాళ్ళు తమ పనులన్నీ పెట్టుకునే వెబ్‌సైటు ఒకటుందట. ఎవరి పేజీ వాళ్ళదే. ఇతరులు వచ్చి చూస్తారు, రాస్తారు, నచ్చితే పని కూడా ఇస్తారట. బస్టాండు దగ్గర నెట్ సెంటరుకు వెళ్ళాను. దాని యజమాని పెద్దాయన నన్ను చూసి కంగారుపడి, "లోపలికి వద్దండమ్మా, ఈ గుమ్మం పక్క సిస్టమ్ తీసుకోండి, గాలి కూడా బాగుంటుంది" అన్నారు. ఆ రోజు నుంచి అది నా సీటు. ఆడపిల్ల కూర్చున్న సీటు కాబట్టి ఇంకెవరూ దాని జోలికి రాకుండా ఆయనే చూసుకునేవారు.

ఆ సైటులో నా పేజీ తెరిచి, నేను చేసిన పెళ్ళిపత్రికల్లో మంచివని నాకు తోచిన ఆరు పెట్టాను. వారం తర్వాత చూస్తే నా పేజీని ఇద్దరు చూసినట్టుంది. ఆ రెండుసార్లూ చూసింది నేనే.

కానీ ఆ వారంలో నేను ఇతరుల పేజీలు చూశాను. ఇది చెప్పకపోతే తప్పు. ఆ సైటు నాకు చేసిన మేలు నా బుద్ధి వల్ల చెడింది గానీ దానివల్ల కాదు. కేరళలో ఒకాయన పడవల మీద పేర్లు రాస్తాడు, రోజుకొక పడవ ఫొటో పెట్టేవాడు. ఎక్కడో పరాయి దేశంలో ఒక ముసలాయన రోజూ ఒకే అక్షరాన్ని వేరువేరుగా గీసి పెట్టేవాడు. ఆయన గీసింది బాగాలేదని ఎవరైనా అంటే, ఎందుకు బాగాలేదో అడిగి మర్నాడు మళ్ళీ గీసేవాడు. ఒకరి పని చూసి ఇంకొకరు ఉత్సాహపడటం, "నీకు తగిన పని ఒకటి నా దగ్గరుంది, చేస్తావా" అని పిలుచుకోవడం, ఇవన్నీ ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య జరిగేవి. నెట్ సెంటరు నుంచి బయటికి వస్తే దుకాణాల బోర్డుల మీద అక్షరాలు కొత్తగా కనిపించేవి. రాజోలు బస్సులో కూర్చుని వాటినే చూస్తూ ఇంటికి వెళ్ళేదాన్ని. అంతవరకూ అక్షరాన్ని చదవడమే గానీ చూడటం తెలీదు నాకు.

నేనూ అక్షరాలు గీసి పెట్టాను. పడవలాయన చూసి చాలా మర్యాదగా రాశాడు. మీ లిపి నాకు రాదు, కానీ ఈ వంపులు చేతితో తిరిగినట్టు లేవు, స్కేలుతో కొలిచినట్టున్నాయి, మీ ఊళ్ళో బాగా రాసేవాళ్ళ చేతిని కొన్నాళ్ళు చూడండి అని.

అది మంచి సలహా. నాకు కోపం వచ్చింది. పడవల మీద పేర్లు రాసుకునేవాడు నాకు చెప్పడమేమిటి అనుకున్నాను. ఆ కోపంలోనే ఇంటికి వెళ్ళి అమ్మ బైబిల్లోంచి పాత వాగ్దాన కార్డులు తీశాను. పదకొండు దొరికాయి. మర్నాడు డీటీపీ సెంటర్లో అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు స్కాన్ చేశాను.

ఆ సైటులో బొమ్మ ఎక్కించేటప్పుడు రెండు గళ్ళు నింపమనేది. మొదటిది, ఈ పని ఎవరు చేశారు. రెండోది, ఇంకా ఎవరి సహాయం ఉంది. మొదటి గడిలో నా పేరు అప్పటికే దానంతటదే పడి ఉంది. నేను దాన్ని తీసెయ్యలేదు, అంతే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. రెండో గడి ఖాళీగా వదిలేశాను. కార్డుల మీద సంతకం లేదు కదా, ఆవిడే తనవి కాదంది కదా. నాలాంటి చదువుకున్న మూర్ఖురాలికి అంతకంటే పెద్ద సాకు అక్కర్లేకపోయింది.

రెండు రోజుల్లో నా పేజీ కిటకిటలాడింది. ఆ ముసలాయన కూడా వచ్చి ఒక్క "ళ" గురించే నాలుగు వాక్యాలు రాశాడు. ఆ తెల్లగీతను దిద్దకుండా ఉంచడానికి ధైర్యం కావాలి అన్నాడు. పడవలాయన మాత్రం ఒకే ప్రశ్న అడిగాడు. ఇది మీ చేతిరాతేనా?

అవును అని టైపు చేశాను. పక్కన నెట్ సెంటరు పెద్దాయన ఎవరికో రైలు టిక్కెట్టు సంగతి చెబుతున్నారు. బయట కొబ్బరికాయల లారీ వెనక్కి మళ్ళుతోంది. ఆ చిన్న అబద్ధానికి నా చెయ్యి కొంచెం కూడా వణకలేదు. అదే నాకు ఇప్పటికీ సిగ్గు.

నెల తిరక్కుండానే హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. తెలుగు ఫాంట్లు తయారుచేసే చిన్న ఆఫీసు వాళ్ళది. మీ అక్షరాలతో ఫాంటు చేద్దాం, మొత్తం అక్షరమాల, గుణింతాలు, ఒత్తులు రాసి తీసుకురండి, మా దగ్గరే ఉద్యోగం కూడా చేద్దురుగాని అన్నారు. అప్పుడు తెలిసింది నేను ఎందులో దిగానో. పదకొండు కార్డుల్లో అన్ని అక్షరాలూ లేవు. నేను రాస్తే స్కేలుతో కొలిచినట్టుంటుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఆవిడ రిటైరైంది. హైదరాబాదు ఆఫీసులో చిన్నపిల్లల పుస్తకం వేస్తున్నారని, అక్షరాలన్నీ పెద్దవిగా రాసిమ్మని అడిగాను.

"గుణింతాలు కూడానా అమ్మలూ?"

"అన్నీ కావాలి పెద్దమ్మా. ఒత్తులతో సహా."

"పిల్లలకంటే కాస్త ఒద్దికగా రాయాలి మరి," అంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. బడి మానేశాక మళ్ళీ పిల్లల కోసం పని దొరికింది అనుకుంది పాపం.

రెండు వారాలు రాసింది. తలకట్లు మర్నాడే. చివరి కాగితం రాశాక మళ్ళీ మొదటి నుంచి చూసి, నచ్చనివి చింపేసి తిరిగి రాసింది. కాగితాలన్నీ పాత క్యాలెండరులో చుట్టి, దారం కట్టి నా చేతిలో పెట్టింది. "పుస్తకం వచ్చేక ఒకటి నాకూ తెచ్చిపెట్టవే," అంది. తప్పకుండా అన్నాను. నేను బస్సెక్కేటప్పుడు ఆవిడే వచ్చి, మా అమ్మాయికి కంప్యూటర్లో ఉద్యోగం వచ్చిందండీ అని కండక్టరుకు కూడా చెప్పింది.

ఫాంటు బయటికి వచ్చింది. తయారుచేసినవారు అన్నచోట నా పేరు. పత్రికల్లో ప్రకటనలకి, పుస్తకాల అట్టలకి, సబ్బుల పొట్లాలకి వాడారు. ఆఫీసులో నాకు గౌరవం పెరిగింది. సైటులో కొత్తగా చేరిన పిల్లలు నాకు రాసేవారు, మీ చెయ్యి చూసి నేర్చుకుంటున్నామండీ అని. వాళ్ళకు సలహాలు కూడా ఇచ్చేదాన్ని. ఊళ్ళో బాగా రాసేవాళ్ళ చేతిని కొన్నాళ్ళు చూడండి అని. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నాకు తల కొట్టేసినట్టుగా ఉంది.

తర్వాత కొన్నేళ్ళకి, కొత్త సంవత్సరానికి ఊరు వెళ్ళాను. చర్చిలో పళ్ళెం తిరిగింది. గుడ్డ కింద చెయ్యి పెడితే వేళ్ళకు నున్నగా తగిలింది. తీసి చూస్తే రంగుల కార్డు. సూర్యోదయం బొమ్మ, పూలు, మధ్యలో వాక్యం. అది మా ఫాంటు. రాజోలు ప్రెస్సులో అచ్చువేయించారట. కొత్త పాస్టరుగారు వేదిక మీద నుంచి ఎంతో మర్యాదగా చెప్పారు, "పెద్దావిడ టీచరమ్మగారిని ఇన్నేళ్ళూ శ్రమపెట్టేమండీ, ఈ ఏడు నుంచి ఆవిడకి విశ్రాంతి ఇచ్చేమండీ." జనం చప్పట్లు కొట్టారు.

పెద్దమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. తన కార్డును కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. బొటనవేలితో ఒకచోట రుద్దింది, మసి అంటుకుందేమో తుడుద్దామన్నట్టు. అక్కడ "ళ" ఉంది. అక్కడ తెల్లగీత ఉంది.

ఇంటికి వచ్చాక, అమ్మ వంటింట్లో ఉండగా, నన్ను పిలిచి కార్డు చూపించింది.

"ఇది నా పుల్ల గీత కదమ్మా?"

ఆవిడ గొంతులో నిందేమీ లేదు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ రాదు. ఆవిడ అడిగింది కూడా.

"ప్రింటులో అప్పుడప్పుడూ అలా వస్తుంది పెద్దమ్మా," అన్నాను.

"ఆయ్, అలాగా," అంది ఆవిడ. కార్డు బల్ల మీద పెట్టి, నాకు కాఫీ కలపడానికి లేచింది.

ఆ ఏడాది డిసెంబరులో హైదరాబాదుకు నాకో కవరు వచ్చింది. లోపల ఒకే ఒక్క కార్డు. అట్ట ముక్క, నల్లసిరా, పెద్దమ్మ రాత. వాక్యమంతా ఉంది, ఒక్క తలకట్టు లేదు. వెనక పెన్సిలుతో రెండే మాటలు. చెయ్యి వణుకుతోంది, తలకట్లు నువ్వు పెట్టుకో అని.

నేను కలం తీసుకున్నాను. వేలకొద్దీ కార్డుల మీదికీ పొట్లాల మీదికీ ఎక్కిన అక్షరాలకు సొంతదారుననిపించుకున్న దాన్ని. వేరే కాగితం మీద తలకట్టు పెట్టి చూసుకున్నాను. నలభై, యాభై పెట్టాను. ఒక్కటీ ఆ అక్షరం మీద కూర్చునేదిగా లేదు. కాగితాన్ని ఉండచుట్టి గోడకేసి కొట్టి, కూర్చుని ఏడ్చాను.

మర్నాడు ఆఫీసులో పెద్దాయనకు నిజం చెప్పాను. ఆయన ఆ కాగితాలన్నీ తెప్పించుకుని మళ్ళీ మొదటి నుంచి చూశారు. తర్వాత, ఇకముందు ఆవిడ పేరు వేద్దాం అన్నారు. నా ఉద్యోగం పోలేదు. పోయుంటే కాస్త తేలికగా ఉండేదేమో. సైటు తెరిచి మొదటి గడిలో పెద్దమ్మ పేరు రాశాను, రెండో గడిలో ఎవరి పేరూ రాయలేదు. కింద జరిగింది జరిగినట్టు రాశాను. కొందరు తిట్టారు. పడవలాయన తిట్టలేదు, ఆవిడకు నా నమస్కారం చెప్పండి అని మాత్రం రాశాడు. ఆ పేజీ అచ్చుతీయించి, సంచిలో పెట్టుకుని ఊరికి బస్సెక్కాను. దోవ పొడుగునా ఏం చెప్పాలో వల్లెవేసుకున్నాను. పేరు తిరిగి ఇచ్చేస్తున్నానని లోలోపల కొంచెం గర్వం కూడా ఉందనుకుంటాను. నా బుద్ధి అలాంటిది.

పెద్దమ్మ పెరటి వరండాలో చిక్కుళ్ళు ఒలుస్తోంది. వల్లెవేసుకున్నదేదీ నోటికి రాలేదు.

"ఆ అక్షరాలు నీవే పెద్దమ్మా. నావని చెప్పుకున్నాను. పిల్లల పుస్తకం లేదు, ఏం లేదు."

"తెలుసమ్మా," అంది చేతిలో పని ఆపకుండా. "నా గీత నాకు తెలీదా? నువ్వే చెప్తావని చూసేను."

అచ్చుతీసిన కాగితం ఇచ్చాను. తన పేరు ఎక్కడుందో చూపించాను. ఇంగ్లీషులో ఉన్న ఆ పేరును ఆవిడ ఒకసారి చదువుకుని కాగితం మడిచేసింది.

"ఇదెందుకే నాకు? కార్డుల మీద ఎప్పుడైనా పెట్టుకున్నానా? అక్షరాలు కావాలి పెద్దమ్మా అంటే నీకు ఇచ్చేసేదాన్ని కదా."

"మరి నీకు కోపం లేదా?"

ఆవిడ చేతిలో చిక్కుడుకాయను పక్కన పెట్టేసింది.

"పేరు సంగతి కాదమ్మలూ. మొన్న నవంబరు వచ్చింది కదా. పాస్టరుగారు రాలేదు. పొద్దున్నే లేచి మంచం ఖాళీ చేసి చూసుకున్నాను. నన్ను ఇంక ఎవరూ అడగరే. నా అక్షరాలు ఉన్నాయి కదా, నాతో పనేంటి?"

నేను ఆవిడకు తిరిగి ఇవ్వడానికి మోసుకొచ్చింది ఆవిడకు ఎప్పుడూ అక్కర్లేనిది. నేను తీసుకున్నది వేరు. దాన్ని ఏ గడిలో రాసి దిద్దాలో ఆ సైటులో లేదు, ఎక్కడా లేదు.

ఆ సాయంత్రమే పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి ఈసారి పెద్దమ్మ చేత రాయించమని అడిగాను. ఆయన ఎంతో ఆదరంగా కుర్చీ వేశారు. "రాయించొచ్చండీ, ఎంతమాట. కానీ జనం రంగుల కార్డులకి అలవాటు పడిపోయేరండీ. పైగా అక్షరాలు అచ్చం టీచరమ్మగారివిలాగే ఉంటున్నాయి కదండీ," అన్నారు. అవునండీ అని లేచి వచ్చేశాను.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆవిడ పంపిన ఆ కార్డు నా బల్ల సొరుగులో ఉంది. ఏటా నవంబరులో తీసి చూస్తాను. తలకట్లు ఇంకా పెట్టలేదు.